వెళ్ళేవారి సలాము

కొన్నేళ్ళ క్రితం మదీనాలో, మస్జిదె నబవీ ప్రాంగణంలో అస్ర్ నమాజు తరువాత ఒక ఇండోనేషియా వృద్ధుడు నా పక్కన కూర్చున్నారు. ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకు రాదు. సలాము చేసి చేయి కలిపారు. కలిపిన ఆ చేతినే మెల్లగా తన గుండెకు ఆనించుకున్నారు. తరువాత "అపా కబర్?" అన్నారు. ఆ మాట వినగానే నాకు నవ్వు వచ్చింది. అరబీలోని 'ఖబర్' మన గోదావరి తీరానికి వచ్చి 'కబురు' అయింది, వారి దీవులకు వెళ్ళి 'కబర్' అయింది. ఆయన అడిగింది మనం అడిగే "ఏమిటి కబుర్లు?" అన్నదే.

వారి బృందంలో అరబీ తెలిసిన యువకుడొకడు వీడ్కోలు మాటలు వివరించాడు. బయలుదేరే వ్యక్తితో ఉండిపోయేవారు "సెలామత్ జాలన్" అంటారు, అంటే నీ ప్రయాణం క్షేమంగా సాగాలని. ఉండిపోయేవారితో బయలుదేరే వ్యక్తి "సెలామత్ తింగల్" అంటాడు, అంటే నీవు ఇక్కడ క్షేమంగా ఉండాలని. రెండవ మాటలో దీర్ఘ వియోగపు ఛాయ ఉన్నందున, రేపు మళ్ళీ కలుసుకొనేవారు దానిని అంతగా వాడరట. 'సెలామత్' కూడా అరబీ నుండి వచ్చినదే, మన సలాముకు తోబుట్టువు.

కాకినాడలో మా అమ్మ "పోతాను" అంటే ఒప్పుకొనేది కాదు. గడప దాటినవాణ్ణి వెనక్కి పిలిచి "వెళ్ళొస్తాను" అనిపించేది. ఆపైన "సలాము ఏదిరా?" అనేది. ఆమె హదీసు గ్రంథాలు చదువుకోలేదు. సభకు వచ్చినప్పుడూ సలాము చేయాలని, లేచి వెళ్ళేటప్పుడూ చేయాలని, మొదటిది రెండవదానికంటే ఎక్కువేమీ కాదని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) బోధించిన విషయం అబూదావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉన్నదని నేను మదరసాలో చేరాకే తెలుసుకున్నాను.

మనలో మొదటి సలాముకు లోటు లేదు. లోటంతా రెండవదానికే, ముఖ్యంగా ఫోనులో. నా పూర్వ విద్యార్థి ఒకడు కువైట్‌లో డ్రైవరు. "సరే, ఉంటా" అని టక్కున పెట్టేసేవాడు. "జవాబు చెప్పే పుణ్యం కూడా నాకు మిగల్చడం లేదు మౌల్వీసాబ్" అని వాళ్ళమ్మ నాతో బాధపడింది. ఆ మాట అతనికి చేరవేశాను. కాసేపు మాట్లాడలేదు. తన గదిలో ఉండే ఇండోనేషియా సోదరుడు ఇంటికి చేసే ప్రతి ఫోనునూ సలాముతోనే ముగిస్తాడని, అది వాళ్ళ ఆచారం కాబోలని ఇన్నాళ్ళూ అనుకున్నానని చెప్పాడు.

తరువాతి జుమా నాడు ఆ తల్లి మా వీధి మలుపులో ఎదురైంది. "నిన్న చెప్పాడు మౌల్వీసాబ్. నేను 'వ బరకాతుహూ' అనేదాకా ఫోను పెట్టలేదు" అన్నది.