గోధుమ లేని రొట్టె మీద కారం

బ్రెడ్డుకు నకలు వెతకనక్కరలేదు; తెలుగు వంటింటి రొట్టెలూ అట్లూ ఉన్నాయి

పచ్చడి, వెన్న, నూనెలో కలిపిన పొడి, ఉల్లికారం వంటివి రాసుకుని తినడానికి బ్రెడ్డు ముక్కే అనువైనదన్న అలవాటు పట్టణాల అల్పాహారంలో స్థిరపడింది. అందువల్ల గోధుమ మానాలని వైద్యులు చెప్పిన ఇంట్లో మొదట సాగేది ‘గ్లూటెన్ రహితం’ అని ముద్రించిన ఖరీదైన బ్రెడ్డు కోసం వెతుకులాటే. ఆ వెతుకులాట చాలావరకు అనవసరం. జొన్న, సజ్జ, మినుము, పెసర, బియ్యాలతో తెలుగు ప్రాంతాల్లో చేసుకునే రొట్టెలు, అట్లు ఉప్పుకారాలకు ఆధారంగా బ్రెడ్డు చేసే పనంతా చేస్తాయి. తెలుసుకోవలసిందల్లా ఏ కారానికి ఏ రొట్టె తగునన్నదే.

గోధుమతో చిక్కెక్కడ?

గోధుమపిండిలో నీరు పోసి మర్దిస్తే గ్లయాడిన్, గ్లుటెనిన్ అనే ప్రోటీన్లు పెనవేసుకుని సాగే గుణమున్న అల్లికగా ఏర్పడతాయి. ఆ అల్లికకే గ్లూటెన్ అని పేరు. ఈస్టు విడుదల చేసే వాయువును ఇది పట్టి ఉంచడం వల్లనే బ్రెడ్డు పొంగుతుంది. సీలియాక్ వ్యాధి ఉన్నవారిలో ఈ గ్లూటెన్‌కు ప్రతిగా శరీర రక్షణ వ్యవస్థ చిన్నపేగు లోపలి పొర మీదనే దాడి చేస్తుంది. ఆహారసారాన్ని పీల్చుకునే ఆంత్రచూషకాలు, అంటే వేళ్లలాంటి సూక్ష్మమైన పొడుపులు, అరిగి చదునవుతాయి. ఇనుము, కాల్షియం ఒంటబట్టక రక్తహీనత, ఎముకల బలహీనత వస్తాయి. బార్లీ, రై ధాన్యాల్లోనూ ఇదే తరహా ప్రోటీన్లున్నందున వీరికి అవీ నిషిద్ధాలే.

ఈ వ్యాధికీ గోధుమకూ గల సంబంధాన్ని నిరూపించినవాడు డచ్చి పిల్లల వైద్యుడు విల్లెం కరెల్ డికె. నెదర్లాండ్స్‌లో 1944-45 చలికాలపు కరువులో బ్రెడ్డు కరవైనప్పుడు సీలియాక్ పిల్లలు క్షీణించక కోలుకోవడం, అంతకుముందే ఆయనకున్న అనుమానాన్ని బలపరచింది. 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో ఆయన దాన్ని వివరించాడు. భారతదేశంలో 2016లో వెలువడిన ఒక బహుప్రాంతీయ అధ్యయనం ప్రకారం, ఉత్తరాదిన పెద్దవారిలో సీలియాక్ వ్యాధి 1.23 శాతం మేరకు కనిపించగా దక్షిణాదిన అది 0.10 శాతమే. జన్యుపరమైన అవకాశం రెండుచోట్లా దాదాపు సమానంగానే ఉన్నా, రోజువారీ గోధుమ వాడకం ఉత్తరాదిన సగటున 455 గ్రాములు, దక్షిణాదిన 25 గ్రాములని తేలడం గమనించదగినది. అన్నం, జొన్న ప్రధానమైన భోజన సంప్రదాయానికి గోధుమ లేకపోవడం లోటు కాదని ఈ అంకెలే చెబుతున్నాయి.

వేడినీటితో జిగి

జొన్నలో కాఫిరిన్ అనే ప్రోటీన్ ఉన్నా అది గ్లూటెన్‌లా సాగే అల్లిక కట్టదు. చన్నీళ్లతో కలిపిన జొన్నపిండి వత్తబోతే అంచులు పగిలిపోతాయి. తెలంగాణ, రాయలసీమ ఇళ్లలో దీనికి విరుగుడు మరిగే నీళ్లే. సలసల కాగుతున్న ఎసరు పిండిలో పోసి గరిటెతో కలియబెట్టినప్పుడు పిండిపదార్థపు రేణువులు నీటిని పీల్చి ఉబ్బి జిగురుగా మారతాయి. ఆ జిగురే గ్లూటెన్ చేయవలసిన పనిని చేస్తుంది. చెయ్యి పట్టేంత వేడి ఉండగానే ముద్దను అరచేతి అడుగుభాగంతో బాగా మెదిపి, పీట మీద పొడిపిండి చల్లి, చేత్తో తట్టుతూ గుండ్రంగా తిప్పుతూ పలచన చేస్తారు. పెనం మీద వేశాక పైభాగాన తడిగుడ్డతో నీళ్లద్ది, ఆ తడి ఆరగానే తిరగవేసి, చివరకు నిప్పుల మీదో మంట మీదో కాలిస్తే రొట్టె పొరలు విడివడి పొంగుతుంది. పాతపడిన పిండికి జిగి తగ్గుతుంది కనుక వారానికి సరిపడా మాత్రమే పట్టించుకోవడం పాత పద్ధతి. సజ్జపిండిలో కొవ్వు ఎక్కువ కావడంతో అది కొద్దిరోజులకే చేదెక్కుతుంది కాబట్టి ఈ జాగ్రత్త దానికి మరింత అవసరం. ఇదే వేడినీటి పద్ధతిలో చేసే రాగిరొట్టె, నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నందున, సీలియాక్ రోగులకు ప్రత్యేకించి మేలు.

మినుము పొంగు, పెసర పట్టు

బ్రెడ్డులోని మెత్తదనం కావాలనుకునేవారికి సమాధానం మినప్పప్పులో ఉంది. నానబెట్టి రుబ్బిన మినప్పిండిలోని ఆరబినోగెలాక్టాన్ అనే జిగురుపదార్థమూ ప్రోటీన్లూ కలిసి, పులిసేటప్పుడు లూకోనోస్టాక్ వంటి సూక్ష్మజీవులు పుట్టించే వాయువును బుడగలుగా పట్టి ఉంచుతాయి. ఇడ్లీ ఉబ్బడానికి కారణమిదే. గోదావరి జిల్లాల దిబ్బరొట్టె ఈ పిండికే మందమైన రూపం: మినప్పిండిలో బియ్యపురవ్వ కలిపి, నూనె పోసిన మందపాటి గిన్నెలో దట్టంగా పరచి, మూతపెట్టి సన్నని సెగ మీద నిదానంగా కాలిస్తే అడుగు ఎర్రగా కరకరలాడుతూ, లోపల దూదిలా గుల్లగా వస్తుంది. దాన్ని ముక్కలుగా కోసి అల్లం పచ్చడితోనో, ఆవకాయతోనో తినవచ్చు. పెసరట్టుకు పులియబెట్టే పని కూడా లేదు. నానిన పెసలను రుబ్బగానే వేసుకోవచ్చు, అట్టు పలచగా వచ్చినా విరగదు.

ఏ కారానికి ఏ రొట్టె

పచ్చడిలోని తడికీ రొట్టె గుణానికీ పొత్తు కుదరకపోతే ఎంత మంచి రొట్టైనా నానిపోతుంది, లేదా గొంతు పట్టేస్తుంది. జొన్న, సజ్జ రొట్టెలు తడిని త్వరగా పీల్చుకుంటాయి కాబట్టి వాటికి నూనె గల గట్టి పదార్థాలు తగినవి: వేరుశెనగ ఊరిమిండి, నువ్వులపొడి, అవిసెగింజల పొడిని నూనెతోనో వెన్నతోనో కలిపినవి, మిరపకాయల ఎర్రకారం. దోసెకు అడుగున కరకర ఉంటుంది, పైన మెత్తగా ఉంటుంది. ముద్దలా ఉన్న కారాన్ని అది మోయగలదు. రాయలసీమలో ఎండుమిరపకాయలు, ఉల్లిపాయలు, వెల్లుల్లి, ఉప్పు కలిపి మెత్తగా నూరిన ఎర్రకారాన్ని పెనం మీద ఉన్న దోసె మీదనే పలచగా పులిమి, పైన పుట్నాలపొడి చల్లుతారు. కారంలోని పచ్చిదనం ఆ సెగకే పోతుంది, పొడి మిగిలిన తడిని పీల్చుకుని దోసె మెత్తబడకుండా కాపాడుతుంది. పెరుగుపచ్చడి వంటి పలుచని వాటికి దిబ్బరొట్టె తగును. ఇక తెలంగాణ సర్వపిండిలో బియ్యపుపిండితోపాటు పల్లీలు, శెనగపప్పు, నువ్వులు, కారం ముందే కలిసి ఉంటాయి కనుక దానికి కాస్త వెన్న చాలు.

గోధుమ లేకుండానే రొట్టెకు పట్టు తెచ్చే మార్గం ఇతర దేశాల్లోనూ కనిపిస్తుంది. ఇథియోపియాలో టెఫ్ అనే చిరుధాన్యపు పిండిని పులియబెట్టి వేసే ఇంజెరా మీదనే కూరలు వడ్డిస్తారు; మెక్సికోలో మొక్కజొన్నలను సున్నపు నీటిలో ఉడికించి రుబ్బడం వల్ల ముద్దకు జిగి వచ్చి, టోర్టియా చుట్టినా విరగదు. గ్లూటెన్ రహిత బ్రెడ్డు తయారీదారులు సైతం పిండిపదార్థాలకు జాంథన్ గమ్ అనే జిగురునో, ఇసబ్‌గోల్ పొట్టునో జోడించి ఈ పట్టునే సాధిస్తారు.

కంటికి కనిపించని గోధుమ

రొట్టె మారినా గోధుమ వేరే దారిన ప్రవేశించవచ్చు. పచ్చడి పోపులో వేసే డబ్బా ఇంగువ చాలావరకు మిశ్రమ ఇంగువ. ఘాటు తగ్గించడానికి దానిలో మైదానో, గోధుమపిండినో కలపడం పరిపాటి, కనుక డబ్బా మీది వివరం చదవాలి. రవ్వదోసెలోని బొంబాయి రవ్వ గోధుమదే. ఎమ్మెల్యే పెసరట్టులో ఉప్మా కూడా ఆ రవ్వతోనే చేస్తారు. గోధుమలు పట్టిన మరలోనే జొన్నలు పట్టిస్తే పిండి కలుస్తుంది. కిలో ఆహారంలో 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉంటే దాన్ని గ్లూటెన్ రహితమని అమ్మరాదని అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణమూ, భారత ఆహార భద్రతా నిబంధనలూ చెబుతున్నాయి. అంత చిన్న పరిమితిని దాటడానికి మరలో మిగిలిన గుప్పెడు గోధుమపిండి చాలు. జొన్నలు కడిగి ఆరబెట్టి ఇంట్లోనే పట్టుకోవడం, లేదా గోధుమ పట్టని మరను ఎంచుకోవడం సీలియాక్ రోగులకు తప్పనిసరి.

గోధుమ మీద అనుమానంతో ముందే దాన్ని మానేసినవారిలో సీలియాక్ రక్తపరీక్ష తప్పుగా ‘లేదు’ అని చూపవచ్చు, ఎందుకంటే గ్లూటెన్ తినడం ఆగితే పరీక్షలో చూసే ప్రతిరక్షకాలు క్రమంగా తగ్గిపోతాయి. కాబట్టి అనుమానం ఉన్నవారు గోధుమ తింటూ ఉండగానే పరీక్ష చేయించుకోవాలి. వ్యాధి ఉందని తేలితే గోధుమ జీవితాంతం మానవలసిందే. రాసుకునే పచ్చడినీ, కారాన్నీ మాత్రం మానుకోవలసిన పని లేదు.