కొంగ కోసం కొండంత లెన్సు

సూళ్లూరుపేట: చలికాలం మొదలైతే చాలు, నేలపట్టు చెరువు గట్టు మీదికి రెండు వలసలు వస్తాయి. ఒకటి గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులది. రెండోది వాటిని వెతుక్కుంటూ వచ్చే కెమెరాల వాళ్లది. పక్షులు తేలిగ్గానే వస్తాయి. కెమెరాల వాళ్లే వంగిపోయిన వీపులతో, చెమటలు కక్కుతూ దిగుతారు. భుజాన వేలాడేది ఫిరంగి గొట్టం లాంటి తెల్లటి లెన్సు. చూసిన పిల్లలు ‘అది తుపాకీయా సార్?’ అని అడగడం, ఆయన నవ్వి ఊరుకోవడం ఇక్కడ మామూలే.

ఇంత బరువు ఎందుకు మోయాలి? మోయక తప్పనప్పుడు ఎలా మోయాలి? దానికి తోడు ఏమేం కావాలి? పులికాట్, నేలపట్టు దారి పట్టే ఔత్సాహికులు, పెళ్లిళ్ల ఫొటోలతో పాటు పక్షుల మీదా మనసు పడుతున్న స్టూడియోల వాళ్లు తెలుసుకోవలసిన సంగతులు ఇవి.

వెలుగే అసలు ధర

దూరాన ఉన్న పిట్టను దగ్గరకు లాగే లెన్సులు చవకలోనూ దొరుకుతాయి. తేడా వెలుగు దగ్గర వస్తుంది. 400 మి.మీ. లెన్సుకు ఎఫ్ 2.8 ద్వారం కావాలంటే ముందు గాజు కనీసం 143 మి.మీ. వెడల్పు ఉండాలి. అంటే ఐదున్నర అంగుళాల పైమాటే. 300 మి.మీ. లెన్సుకైనా 107 మి.మీ. కావాలి. బరువంతా ఆ గాజుదీ, దాన్ని పట్టి ఉంచే గొట్టానిదీ.

దానికి ప్రతిఫలం ఏమిటి? ఎఫ్ 5.6 లెన్సుతో పోలిస్తే నాలుగింతల వెలుగు లోపలికి వస్తుంది. పొద్దు వాలాక మామూలు లెన్సు సెకనులో 250వ వంతు దగ్గర ఆగిపోతే, ఇది వెయ్యో వంతు వేగం అందుకుంటుంది. మొదటి దానిలో గూడబాతు రెక్క అలికినట్టు వస్తుంది. రెండో దానిలో ఈక ఈకా లెక్కపెట్టవచ్చు. పక్షులు హుషారుగా తిరిగేదీ తెల్లవారుజామున, సాయంసంధ్యలో కదా! వెలుగు తక్కువగా ఉన్న ఆ వేళలోనే ఈ లెన్సు పనితనం తెలుస్తుంది.

వెనకనున్న చెట్టూ చేమా వెన్నలా కరిగిపోయి పక్షి ఒక్కటే నిలబడడం రెండో లాభం. కానీ ఇందులోనే ఒక చిక్కుంది. 400 మి.మీ. లెన్సును పూర్తిగా తెరిచి 20 మీటర్ల దూరంలోని పక్షిని తీస్తే స్పష్టంగా కనిపించే లోతు మూరెడుకు మించదు. 10 మీటర్లకు వస్తే బెత్తెడు కన్నా కాస్త ఎక్కువ, అంతే. గూడబాతు మనవైపు తిరిగి నిలబడితే కన్ను స్పష్టంగా ఉండి ముక్కు కొన మసకబారవచ్చు. అందుకే గురి ఎప్పుడూ కంటి మీదే ఉండాలంటారు అనుభవజ్ఞులు.

తగ్గిన బరువు, తగ్గని వెల

ఈ జాతి లెన్సులకు ఇప్పుడు కొంత ఊరట కలిగింది. కానన్ సంస్థ 1999లో వణుకు నివారించే ఏర్పాటుతో తెచ్చిన 400 మి.మీ. ఎఫ్ 2.8 లెన్సు బరువు 5.37 కిలోలు. 2011 నాటి రకం 3.85 కిలోలకు దిగింది. 2018లో వచ్చినది 2.84 కిలోలే. 19 ఏళ్లలో బరువు దాదాపు సగమైంది. వెల మాత్రం లక్షల్లోనే ఉంది.

ఆ తెల్ల రంగు సోకు కోసం కాదు. లోపల వాడే ఫ్లోరైట్ స్ఫటికం వేడికి వ్యాకోచిస్తుంది. నెల్లూరు ఎండల్లో నల్ల గొట్టం ఎంత కాగుతుందో చెప్పనక్కరలేదు. తెలుపు ఎండను తిప్పికొడుతుంది.

కొత్తది కొనలేనివారు పాతవాటి వైపు చూస్తారు. తప్పు లేదు. అయితే డబ్బు లెక్కపెట్టే ముందు టార్చిలైటు వెలుగులో లోపలి గాజులన్నీ చూడాలి. సాలెగూడులాంటి తీగలు కనిపిస్తే అది బూజు. మన కెమెరాకు అతుకుతుందో లేదో కూడా చూసుకోవాలి. పాత నికాన్ ఏఐ లెన్సులు ఆ సంస్థ తర్వాతి కెమెరాలు చాలావాటికి పడతాయి, ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. 1987కు ముందరి కానన్ ఎఫ్‌డీ లెన్సులు ఆ ఏడాది మొదలైన ఈఓఎస్ కెమెరాలకు నేరుగా పట్టవు. కొనేముందు రెండు రోజులు అద్దెకు తెచ్చుకుని భుజానికి పరీక్ష పెట్టడం అన్నిటికన్నా మంచిది.

కాలు ఉంటేనే కన్ను

ఇలాంటి లెన్సుకు మొదటి తోడు నిలబెట్టే కాలు. నాసి రకం స్టాండు మీద లక్షల లెన్సు పెట్టడం పిట్టగోడ మీద నీళ్ల ట్యాంకు కట్టడమే. గట్టి మూడుకాళ్ల స్టాండు, దాని మీద ఊయలలా ఊగే ‘గింబల్’ తల ఉంటే ఎంత బరువైనా వేలి కొసతో తిరుగుతుంది. కిటుకంతా తూకంలో ఉంది. లెన్సు పాదాన్ని ముందుకూ వెనక్కూ జరిపి, చెయ్యి వదిలినా ముక్కు దించని చోట బిగించాలి. పాదం కింద పొడవాటి జారుడు ప్లేటు ఉంటే ఈ పని సులువు.

ఎక్కువ నడవాల్సిన వారికి ఒంటికాలి స్టాండు మేలు. బరువు నేల మోస్తుంది, గురి చెయ్యి చూసుకుంటుంది. స్టాండు గట్టిగా ఉన్నప్పుడు పాత లెన్సుల్లో వణుకు నివారించే మీట ఆపివేయడం మంచిది. లేకుంటే లేని వణుకును సరిదిద్దబోయి అదే బొమ్మను చెడగొడుతుంది.

కారులోంచి తీసేవారికి సంచీయే స్టాండు. మందపాటి గుడ్డతో రెండు అరల సంచి కుట్టించి, కిటికీ అంచు మీద వేసి, దాని మీద లెన్సు ఆనిస్తే చాలు. ఖాళీ సంచి మడిచి తెచ్చుకుని ఊళ్లో బియ్యమో శనగలో కొని నింపుకోవచ్చు. పని అయ్యాక వండుకోనూవచ్చు! సూళ్లూరుపేట నుంచి పులికాట్ మీదుగా శ్రీహరికోట వెళ్లే దారిలో నీళ్లలో బారులు తీరిన ఫ్లెమింగోలను తీయడానికి ఇది చక్కని సాధనం. ఆ దారిలో షార్ వాహనాలు జోరుగా వెళ్తుంటాయి. బండి బాగా పక్కకు తీసి, ఇంజను ఆపాకే కెమెరా అందుకోవాలి. ఇంజను అదురు బొమ్మలోకీ వస్తుంది.

మరో మాట. లెన్సు తగిలించిన కెమెరాను కెమెరా పట్టీతో వేలాడదీయకూడదు. బరువంతా అతుకు మీద పడుతుంది. పట్టీ లెన్సుకే కట్టాలి, ఎత్తేటప్పుడు లెన్సు పాదమే పట్టుకోవాలి.

చిన్న తోడు, పెద్ద సాయం

దూరం ఇంకా కావాలంటే వెనక బిగించే కన్వర్టర్ ఉంది. 1.4 రెట్ల దానితో 400 కాస్తా 560 మి.మీ. ఎఫ్ 4 అవుతుంది. రెండు రెట్ల దానితో 800 మి.మీ. ఎఫ్ 5.6. మొదట్లో ఎక్కువ వెలుగు కొనుక్కున్నందుకే ఈ వెసులుబాటు. స్పష్టత మాత్రం కొంత తగ్గుతుంది, రెండు రెట్ల దానిలో ఇంకాస్త ఎక్కువగా.

ముందు గాజు అంత వెడల్పు ఉన్నప్పుడు దానికి ఫిల్టర్ ఎక్కడ దొరుకుతుంది? అందుకే వెనకవైపు చిన్న సొరుగు ఉంటుంది. చాలా కానన్ పెద్ద లెన్సుల్లో అక్కడ 52 మి.మీ. ఫిల్టర్ సరిపోతుంది. ముందు గాజుకు కాపలా పొడవాటి టోపీయే. ఎండ పొడ రాకుండా, కొమ్మ గీరకుండా కాస్తుంది. గాలి ఎక్కువైన రోజున తెరచాపలా గాలినీ పడుతుంది, జాగ్రత్త.

మన కోస్తాలో అసలు శత్రువు తేమ. గూళ్లు కట్టే కాలమూ ఈశాన్య రుతుపవనాల కాలమూ ఒకటే. ఇంటికొచ్చాక గొట్టాన్ని కాస్త తడి గుడ్డతో తుడిస్తే ఉప్పు గాలి మరక పోతుంది. గాజును మాత్రం ముందు గాలి బుడ్డితో ఊది, ఆ తర్వాతే మెత్తటి గుడ్డతో తాకాలి. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచాలి. రంగు మారిన జెల్‌ను వేడి చేస్తే మళ్లీ పనికొస్తుంది. ఏసీ కారులోంచి తీసిన లెన్సును వెంటనే బయటపెడితే గాజు మీద మంచు పడుతుంది. కాసేపు సంచిలోనే ఉంచి బయటి వేడికి అలవాటు పడనివ్వాలి.

ఎంత ఖరీదైన లెన్సయినా మిట్టమధ్యాహ్నం ఓడిపోతుంది. నీళ్ల మీద సెగ ఆడుతుంటే దూరపు పక్షి వేడి పెనం మీది ఆవిరిలా అల్లాడుతుంది. ఆ వేళ భోజనానికి వెళ్లడమే తెలివి.

దూరమే మర్యాద

నేలపట్టును 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. నీళ్లలో నిలిచిన కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలాలకు బలమని ఈ ఊరి రైతులు ఏనాటి నుంచో వాటిని కాపాడుకుంటూ వస్తున్నారు. 2022లో జిల్లాల విభజనతో ఈ ప్రాంతం తిరుపతి జిల్లాలోకి వచ్చింది. పక్షులకు ఆ సంగతితో పనిలేదు. వాటికి కావలసింది నీరు, చెట్టు, నెమ్మది.

ఆ నెమ్మదిని చెడగొట్టేది తరచూ చిన్న లెన్సు పట్టుకుని పెద్ద బొమ్మ కోరుకునే ఆశే. ఇంకో పది అడుగులు, ఇంకో ఐదు అడుగులు అంటూ గూటి దగ్గరకు పోతే తల్లి లేచిపోతుంది. గుడ్లు ఎండకు మాడుతాయి. కాకులు, గద్దలు కాచుకునే ఉంటాయి. బెదిరిన పిల్ల కొమ్మ జారితే మళ్లీ గూడు చేరలేదు. ఒక్క బొమ్మ కోసం ఒక ఏడాది కాన్పు పోతుంది.

కాబట్టి ఈ పెద్ద లెన్సు దగ్గరకు పోవడానికి కాదు, దూరంగా ఉండడానికి. పక్షి తల ఎత్తి మన వంక చూసిందంటే అప్పటికే హద్దు దాటినట్టు. రెండడుగులు వెనక్కి వేసి కూర్చోవాలి. కాసేపటికి అది ఈకలు సర్దుకుంటుంది, పిల్లకు చేప అందిస్తుంది. మోసిన బరువుకు కూలి గిట్టేది అప్పుడే.