నత్త విషం, రోగి నొప్పి
ఫిలిప్పీన్స్ సముద్రజలాల్లో శంకువు ఆకారపు అందమైన గుల్లలో నివసించే ఒక నత్త ఉంది. శాస్త్రజ్ఞులు దానిని కోనస్ మేగస్ అంటారు. మెల్లగా పాకే ఈ ప్రాణికి ఈదే చేపే ఆహారం! బోలుగా ఉండే పన్నును బల్లెంలా గుచ్చి, విషంతో చేపను క్షణాల్లో స్తంభింపజేస్తుంది. సుబ్‌హానల్లాహ్! దీని జాతిలోనిదే అయిన కోనస్ జియోగ్రాఫస్ మనిషిని సైతం చంపగలదు; ఆ విషానికి విరుగుడు లేదు.

మనీలాలో జన్మించిన బాల్డొమెరో ఒలివెరా బృందం ఈ విషాలను పరిశోధించింది. మేగస్ విషంలోని ఒక పదార్థం వెన్నుపాములో నొప్పి సంకేతాలను అడ్డగిస్తుందని తేలింది. దానినే ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేయగా, జికోనోటైడ్ అనే పేరుతో 2004లో అమెరికాలో ఔషధంగా ఆమోదం లభించింది. ఇది మార్ఫిన్‌లా వ్యసనం కలిగించదు. అయితే పంపు ద్వారా వెన్నులోని ద్రవంలోకే ఎక్కించాలి. మతి తప్పడం వంటి దుష్ఫలితాలూ ఉన్నాయి. కనుక ఇతర మందులు పనిచేయని తీవ్రమైన నొప్పికే వాడతారు.

నొప్పిని భరించడమే సబ్ర్ అని భావించి మందు నిరాకరించే రోగులను మేము చూశాము. అది పొరపాటు. చికిత్స పొందమని దైవప్రవక్త (స) స్వయంగా బోధించారు. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం నత్తను తినడం హరామే. కాని ఈ మందులో నత్తనుండి తీసినదేదీ లేదు; అది మనుషులు కూర్చిన 25 అమైనో ఆమ్లాల గొలుసు. నిపుణుడైన వైద్యుడు అవసరమని చెప్పినప్పుడు రోగి సంకోచించనవసరం లేదని మా అభిప్రాయం.