గిటార్ ట్యూనింగ్: వీడియో చూసి వాయించినా పాట కలవట్లేదా? తీగలు తెగకుండా శ్రుతి ఇలా మార్చుకోండి

చర్లలో ఫోన్ చూసి గిటార్ నేర్చుకునేవాళ్లకి ఈ తిప్పలు తెలిసే ఉంటాయి. వీడియోలో వేళ్లు ఎక్కడ పెట్టారో మీరూ అక్కడే పెట్టారు. అయినా పాట కలవదు. తప్పు మీ వేళ్లది కాకపోవచ్చు. ఆ గిటార్ శ్రుతే వేరే అయ్యుండొచ్చు. దీన్నే ఆల్టర్నేట్ ట్యూనింగ్ అంటారు.

మామూలుగా గిటార్ తీగలు లావు నుంచి సన్నం వరకు ఇ, ఏ, డి, జి, బి, ఇ శ్రుతిలో ఉంటాయి. కార్డ్స్‌కి ఇది బాగుంటుంది. కానీ రాగం పట్టుకుని వాయించాలంటే వెనకాల తంబూరాలా స-ప మోగుతూ ఉండాలి. ఈ శ్రుతిలో తీగలన్నీ ఒకేసారి మీటితే ఆ నిలకడ రాదు.

పరాయి వాద్యాన్ని మన సంగీతానికి తగ్గట్టు మార్చుకోవడం తెలుగువాళ్లకి కొత్తేం కాదు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ యు.శ్రీనివాస్ జంటలుగా ఉండే ఎనిమిది తీగల బదులు, ఎలక్ట్రిక్ మాండొలిన్‌పై ఐదు ఒంటి తీగలు వాడారు. గమకాలు పలకాలనే ఈ మార్పు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేసేనాటికి ఆయనకు తొమ్మిదేళ్లే!

గిటార్‌కి దగ్గరి దారి డి-ఏ-డి-జి-ఏ-డి. 1960ల్లో బ్రిటిష్ గిటారిస్ట్ డేవీ గ్రాహమ్ వల్ల బాగా తెలిసొచ్చిన ట్యూనింగ్ ఇది. ఆరో తీగ, ఒకటో తీగ ఇ నుంచి డికి, రెండో తీగ బి నుంచి ఏకి దించాలి. అంతే. డిని స అనుకుంటే వరసగా స-ప-స-మ-ప-స వస్తుంది.

చిక్కల్లా ఆ మ దగ్గరే. మోహనంలో మ లేదు, కల్యాణిలో ఉన్నది ప్రతి మధ్యమం. చాలామంది ఇక్కడే విసిగిపోయి వదిలేస్తారు. మూడో తీగను జి నుంచి అర మెట్టు దించి ఎఫ్ షార్ప్ చేస్తే అది గ అవుతుంది. రెండు రాగాలకూ సరిపోతుంది.

గమనించారా, ఇప్పటిదాకా చెప్పినవన్నీ దించడమే. చర్లలో ఉన్నవాళ్లకి ఇది ముఖ్యం. తీగ తెగితే సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని భద్రాచలం వెళ్లి వెతకాలి, లేదా పార్శిల్ కోసం ఎదురుచూడాలి. వానాకాలం తేమకి స్టీల్ తీగ తుప్పు పడుతుంది, బిగిస్తే పుటుక్కుమంటుంది. దించినప్పుడు ఆ భయం తక్కువ. మళ్లీ పాత శ్రుతికి తెచ్చేటప్పుడే జాగ్రత్త. కొంచెం కొంచెంగా బిగించండి, ముఖం దూరంగా పెట్టండి.

ట్యూనర్ యాప్‌లో గిటార్ మోడ్ కాకుండా క్రొమాటిక్ మోడ్ పెట్టుకోవాలి. లేదంటే అది మళ్లీ పాత శ్రుతికే లాగుతుంది. మైక్ ఉంటే చాలు, సిగ్నల్ లేకపోయినా చాలా యాప్‌లు పనిచేస్తాయి. ఒక తీగ మారిస్తే మిగతావీ కాస్త జరుగుతాయి కాబట్టి ఆరూ రెండోసారి చూసుకోవాలి. పాడేవాళ్లకి డి శ్రుతి తక్కువైతే తీగలు బిగించొద్దు, కాపో వేసుకోండి.