వ్యాజ్యము మ్రింగిన వారసత్వము: డికెన్సు ‘బ్లీక్ హౌస్’

కోర్టులో ఓడినవాడు అక్కడనే ఏడ్చినాడు, గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చినాడు అని మన సామెత. ఈ సామెతకు సరిపడు కథను ఆంగ్ల నవలాకారుడు చార్లెస్ డికెన్సు ‘బ్లీక్ హౌస్’ అను పేర వ్రాసినాడు. 1852 మార్చి మొదలు 1853 సెప్టెంబరు వరకు అది నెలనెల భాగములుగా వెలువడినది.

కథకు మూలము జార్న్‌డైస్ వ్యాజ్యము. ఆ వంశమున ఒక ధనికుడు గొప్ప ఆస్తి గడించి, మరణశాసనము వ్రాసి పోయినాడు. అందలి ఏర్పాట్లను ఎట్లు అమలు జరుపవలెనన్నది తగాదా. తరములు గడచినవి. ముదుసళ్లు మరణించినారు, శిశువులు పుట్టుకతోనే కక్షిదారులైనారు. తగాదా ఏమిటో న్యాయవాదులకే అంతుపట్టని స్థితి వచ్చినది.

ఇంతటి ఆలస్యమునకు కారణమేమి? నాటి ఇంగ్లండులో ట్రస్టులు, వారసత్వపు తగాదాలు, మైనరుల సంరక్షణ చాన్సరీ న్యాయస్థానము చూచెడిది. చట్టము యొక్క కాఠిన్యమును సడలించి ధర్మము చేయుటకే అది ఏర్పడినది. కాని అక్కడ సాక్ష్యము నోటిమాటగా కాక వ్రాతమూలముగా నడచెడిది. ఆస్తితో సంబంధమున్న వారినందరిని కక్షులుగా చేర్చవలెను. ఒకరు మరణించినచో వారసులను చేర్చి మరల సాగింపవలెను. నకళ్లకెల్ల రుసుము. ఖర్చులు తరచుగా తగాదాలోనున్న ఆస్తినుండియే చెల్లింపబడెడివి. కనుక త్వరపడవలసిన అగత్యము ఎవ్వరికిని లేదు.

నవలలో గ్రిడ్లీ అనునతని గాథ దీనికి నిదర్శనము. తండ్రి సోదరునికి వ్రాసిన 300 పౌన్లలో కొంత ముట్టినదా, లేదా అన్నదే ప్రశ్న. అందుకు ప్రతివాదులు 17 మంది. ఖర్చు ఆ సొమ్మునకు మూడింతలు.

ఇది కేవలము కల్పన కాదు. డికెన్సు పడుచుదనమున న్యాయవాదుల కచ్చేరిలో గుమాస్తాగా, పిమ్మట కోర్టులలో సంక్షిప్తలిపి లేఖకుడుగా పనిచేసినాడు. 1844లో తన క్రిస్మసు కథను అపహరించి అచ్చువేసిన వారిపై చాన్సరీలో దావా వేసి గెలిచినాడు. ప్రతివాదులు దివాలా తీయగా, ఖర్చులు తానే భరించినాడు!

అయితే మన హృదయమును కలచునది రిచర్డు కథ. వైద్యము, న్యాయశాస్త్రము, సైన్యము ఒకదాని తరువాత ఒకటి చేపట్టి విడిచినాడు. రేపో మాపో తీర్పు వచ్చునన్న ఆశ యే పనియందును నిలువనీయలేదు. వ్యాజ్యమునకు దూరముగానున్న పెద్దమనిషి జాన్ జార్న్‌డైస్ హితము చెప్పగా, అతనినే శత్రువుగా భావించినాడు. కట్టకడపట అతనికి అనుకూలమైన క్రొత్త మరణశాసనము దొరకినది. కాని అప్పటికే ఆస్తి సర్వము కోర్టు ఖర్చులకు కరిగిపోయినదని తెలిసినది. రిచర్డు భార్య చేతులలో ప్రాణము విడిచినాడు.

1873 నాటి చట్టముచే చాన్సరీ ప్రత్యేక న్యాయస్థానముగా రద్దై, 1875లో హైకోర్టులో ఒక విభాగమైనది. అంతమాత్రమున నవల పాతబడలేదు. రిచర్డు వంటి వారిని మనమందరము ఎరుగుదుము. చదువబూనువారు మొదటి అధ్యాయమందలి లండను పొగమంచు వర్ణనను తొందరపడి దాటవలదని మా మనవి. ఆ మంచు నట్టనడుమ కొలువుదీరి యున్నది చాన్సరీయే.