మాదిరి పరీక్షల ప్రయోజనము

విజయవాడనుండి హైదరాబాదునకు పోవు రహదారిపై, కంచికచర్ల చేరుటకు ముందుగా వచ్చు గ్రామము పరిటాల. అచ్చటి 135 అడుగుల ఆంజనేయ విగ్రహమును ప్రయాణికు లెల్లరు నెరుగుదురు. ఒకప్పు డీ నేల వజ్రపు గనులకు పేరు గాంచినది. నేడు పరిటాల మొదలు నందిగామ, జగ్గయ్యపేటల వరకు గల మెట్ట గ్రామములలో పత్తి, మిరప పండించు కుటుంబములకు పదవ తరగతి ముగియు వేసవి గొప్ప మలుపు. పట్టణమున ప్రైవేటు కళాశాల రుసుము చాలమందికి మోయరాని బరువు. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో గాని, గురుకుల జూనియర్ కళాశాలలో గాని స్థానము లభించినచో ఆ బరువు చాలవరకు తగ్గును. ఆ స్థానమునకు త్రోవ ప్రవేశ పరీక్ష.

పాలిసెట్‌లో 120 ప్రశ్నలకు 120 నిమిషముల వ్యవధి. గురుకుల కళాశాలల పరీక్షలో 150 ప్రశ్నలకు రెండున్నర గంటలు. రెంటిలోను ప్రశ్న కొక్క నిమిషమే. అడుగునది పదవ తరగతి పాఠమే. అయినను బడిలో మంచి మార్కులు పొందిన బాలుడు సైత మిచ్చట తడబడును. పాఠము రాకపోవుట దానికి కారణము కాదు. గడియారముతోడి పోటీ అలవాటు లేకపోవుటయే కారణము. ఆ యలవాటును కలిగించునదే మాదిరి పరీక్ష.

మాదిరి పరీక్షవలన మరియొక మేలు కలదు. 2006లో రోడిగర్, కార్పికె అను అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు విద్యార్థుల కొక పాఠ మిచ్చి, కొందరిచేత దానినే మరల చదివించిరి. కొందరిచేత పుస్తకము మూసి, జ్ఞాపకమున్నంత వ్రాయించిరి. అయిదు నిమిషముల తరువాత మరల చదివినవారే మెరుగు. వారము గడచునప్పటికి ఫలితము తారుమారైనది. వ్రాసినవారికే ఎక్కువ జ్ఞాపక మున్నది. మరల మరల చదువుటవలన పాఠము వచ్చినట్లు తోచును; జ్ఞాపకమునుండి వెలికి తీయుటవలన అది నిలుచును.

ఇంట దీని నెట్లు జరుపవలెను? పాత ప్రశ్నపత్రము నొకదానిని సంపాదించి, వారమున కొకమారు, అసలు పరీక్ష జరుగు వేళకే కూర్చుండబెట్టవలెను. మధ్యలో లేవరాదు, పుస్తకము తెరువరాదు. మొదటి విడతలో తెలిసినవన్నియు ముగించి, కఠినమైనవానిని రెండవ విడతకు విడువవలెను. చివరి పది నిమిషములు జవాబు పత్రములోని వలయములను సరిచూచుటకు వినియోగింపవలెను. ఒక్క వరుస తప్పినచో ఆపై సరియైన జవాబులన్నియు తప్పులగును.

మాదిరి పరీక్షలోని అసలు పని పరీక్ష ముగిసిన పిదపనే ప్రారంభమగును. తప్పులను మూడు తెగలుగా విభజింపవలెను. పాఠమే తెలియక చేసినవి మొదటి తెగ. ఉపాధ్యాయుని అడిగి నేర్చుకొనవలెను. తెలిసియు మరచినవి రెండవ తెగ. మూడు నాలుగు దినముల కొకమారు చూడక వ్రాయవలెను. తొందరవలన చేసినవి, అనగా వ్యాస మిచ్చిన చోట వ్యాసార్ధ మనుకొనుట వంటివి, మూడవ తెగ. ప్రశ్నలోని ముఖ్యపదము క్రింద గీత గీయు నలవాటు వానికి మందు. వజ్రములు వెదకువాడు మట్టిని జల్లించినట్లు తప్పులను జల్లించినవానికే ఈ శ్రమ ఫలించును.

ఊహించి జవాబు గుర్తింపవచ్చునా యని పలువు రడుగుదురు. పాలిసెట్‌లో తప్పునకు మార్కుల కోత లేదు. కనుక ఏ ప్రశ్నను ఖాళీగా విడువరాదు. ఇంటర్మీడియట్ పిదప వ్రాయు నీట్‌లో ఒప్పునకు నాలుగు మార్కులు వచ్చును, తప్పున కొకటి పోవును. నాలుగింటిలో ఒక్కదానిని గ్రుడ్డిగా గుర్తించినచో సగటున దక్కునది పావు మార్కు మాత్రమే. రెండు జవాబులు కావని నిశ్చయముగా తెలిసి, మిగిలిన రెంటిలో నొకటి ఎంచినచో సగటు ఒకటిన్నర. కావున కొంతైన తెలిసినచోటనే సాహసము మేలు.

తలిదండ్రులకు ఒక మనవి. మాదిరి పరీక్షలో మార్కులు తగ్గినచో పిల్లవానిని పొరుగు బాలునితో పోల్చకుడు. “ఎన్ని వచ్చినవి?” అని కాక, “ఏవి తప్పినవి, ఎందుకు తప్పినవి?” అని అడుగుడు. తిట్టు తినునని భయపడిన బాలుడు తప్పును దాచును. దాచిన తప్పు అసలు పరీక్షనాడు బయటపడును. ఇంట కూర్చుండి చేసిన తప్పువలన స్థానమేమియు పోదు. దానిని దిద్దుకొనుటకు ఇంకను దినములు మిగిలియున్నవి.