డిష్ వచ్చేలోపు మీ ఇల్లు రెడీనా? ఆదోని, ఎమ్మిగనూరు మిద్దెల కోసం ఒక గైడ్

కొత్త టీవీ కొనాలంటే మనం నెల రోజులు రివ్యూలు చూస్తాం. ప్యానెల్ ఏంటి, రిఫ్రెష్ రేట్ ఎంత, హెచ్‌డీఎంఐ పోర్టులు ఎన్ని అని కామెంట్లలో కొట్లాడుకుంటాం. డిష్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఇన్‌స్టాలర్ వస్తాడులే, ఆయనే చూసుకుంటాడు" అని వదిలేస్తాం. ఆయనకు ఆ రోజు ఇంకా నాలుగైదు ఇళ్లుంటాయి. మెట్ల పక్కన ఖాళీ కనిపిస్తే అక్కడే డ్రిల్ పెడతాడు. ఆ బొక్కలతో పదేళ్లు ఉండాల్సింది మనం.

నాది ఆదోని. ఈమధ్య ఎమ్మిగనూరులో మా చిన్నాన్న వాళ్లింటికి డీడీ ఫ్రీ డిష్ పెట్టించాం. నెలవారీ చార్జీ లేదు, డీడీ సప్తగిరితో పాటు కన్నడ డీడీ చందన కూడా వస్తుంది. సరిహద్దు ఊళ్లలో రెండు భాషలూ నడిచే ఇళ్లకు ఇది చిన్న విషయం కాదు. అసలు చిక్కు ఎక్కడంటే, ఆ ఇల్లు పాత మట్టి మిద్దె. దూలాలు, వాటిమీద కట్టెలు, పైన చౌడు మట్టి. కింద గదిలో గుంట మగ్గం. చిన్నాన్న ముందే తేల్చి చెప్పేశాడు: "మిద్దెకు మాత్రం బొక్క పెట్టనియ్యద్దు అబ్బీ. వాన పడితే నీళ్లన్నీ మగ్గం మిందికే వస్తాయి. పడుగు తడిస్తే నా కూలి పోయినట్లే."

కాబట్టి ఇన్‌స్టాలర్ రాకముందే చోటు వెతకడం నా పని అయింది.

ముందు దిక్కు సంగతి. ఫ్రీ డిష్ వచ్చేది జీశాట్-15 నుంచి, అది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంటుంది. ఆదోని నుంచి లెక్క కడితే కంపాస్‌లో 133 డిగ్రీలు, నేల నుంచి 64 డిగ్రీల ఎత్తు. అంటే దాదాపు కచ్చితంగా ఆగ్నేయం. ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే కంపాస్ లేకుండానే చూపిస్తారు, వంటింటి మూల కదా! టాటా ప్లే (83 డిగ్రీలు) అయితే 160 దిక్కున 70 డిగ్రీల ఎత్తు. ఎయిర్‌టెల్ (108.2) అయితే 114 దిక్కున 50 డిగ్రీల ఎత్తు. ఎమ్మిగనూరుకూ ఆదోనికీ తేడా ఒక డిగ్రీ లోపే, పట్టించుకోనక్కర్లేదు. ఫోన్ కంపాస్ వాడేటప్పుడు ఇనుప రేకులకు, శ్లాబు కమ్ములకు దూరంగా నిలబడి, ఫోన్‌ను 8 ఆకారంలో తిప్పి కాలిబ్రేట్ చేయండి. లేకపోతే అది చెప్పేదంతా తప్పే.

ఈ ఎత్తు కోణమే మనకు పెద్ద లాభం, చాలామందికి తెలియనిది కూడా. శాటిలైట్ దాదాపు నడినెత్తి వైపు ఉంది కాబట్టి డిష్ మిద్దె ఎక్కి తీరాలన్న రూలేం లేదు. డిష్ కంటే 10 అడుగులు ఎత్తున్న అడ్డం ఏదైనా, ఫ్రీ డిష్‌కైతే 5 అడుగుల దూరంలో ఉంటే చాలు. టాటా ప్లేకి 4 అడుగులు, ఎయిర్‌టెల్‌కి 8న్నర. దీనిమీద కాస్త మార్జిన్ వేసుకోండి. ఇంకో మాట, ఇళ్లలో వాడే డిష్‌లు ఆఫ్‌సెట్ రకం. చూడ్డానికి కిందికి చూస్తున్నట్టుంటుంది, నిజానికి అందులోకి సిగ్నల్ పైనుంచి వస్తుంది. కంటితో చూసి "ఎదురింటి గోడ అడ్డం" అనేసుకోవద్దు.

చిన్నాన్న వాళ్ల పెరట్లో బాత్రూం ఉంది, దానిది ఆర్‌సీసీ శ్లాబు. ఆగ్నేయంలో పక్కింటి వేపచెట్టు. శ్లాబు కంటే సుమారు 15 అడుగులు ఎత్తు, ఇటువైపు కొమ్మల అంచు 12 అడుగుల దూరం. మనకు కావాల్సింది 7న్నర. పాస్! అదే 50 డిగ్రీల శాటిలైట్‌కి ఆ దిక్కునే ఈ చెట్టు ఉండుంటే సిగ్నల్ ఆకుల్లో చిక్కుకునేది.

యాప్‌ల మీద నమ్మకం లేనివాళ్లకు ఒక ట్రిక్. మార్చి నడిమి రోజుల్లో, సెప్టెంబరు ఆఖర్లో ఉదయం 11 గంటల ప్రాంతంలో సూర్యుడు మన ఊళ్ల నుంచి చూస్తే సరిగ్గా జీశాట్-15 వెనకకు వస్తాడు. ఆ సమయంలో మీరు అనుకున్న చోట ఎండ పడుతోందంటే దారి క్లియర్. నీడ పడితే చోటు మార్చండి. ఆ రోజుల్లోనే కొన్ని నిమిషాలు సిగ్నల్ పోతుంది కూడా, సెట్ టాప్ బాక్స్ చెడిపోయిందని కంగారు పడకండి.

ఇక బిగింపు. 60 సెంటీమీటర్ల డిష్ ఆకాశంలో చూసేది సుమారు 3 డిగ్రీల వెడల్పే. పైపు రెండు డిగ్రీలు ఒరిగినా బొమ్మ ముక్కలవుతుంది. మన వైపు ఆషాఢ గాలి సంగతి తెలుసు కదా, డిష్ తెరచాపలా పట్టుకుంటుంది. కాబట్టి గట్టి కాంక్రీటులో యాంకర్ బోల్టులు వేయించి, పైపు నిట్టనిలువుగా ఉందా అని మేస్త్రి తూకం గుండుతో చూడండి. పాత బండల గోడలో రాయికీ రాయికీ మధ్య సందులో బోల్టు వేస్తే అది పట్టు కాదు, వట్టి అలంకారం. మట్టి మిద్దె తప్ప వేరే చోటే లేకపోతే, డ్రిల్ చేయకుండా బరువైన బండకు స్టాండు బిగించి దూలం మీదుగా పెట్టాలి. అప్పుడు కూడా కింద మిద్దె ఆ బరువు మోస్తుందా అని మేస్త్రిని అడిగాకే.

చోటు ఖరారు చేసేముందు తల పైకెత్తి కరెంటు తీగలు చూడండి. ఇరుకు సందుల్లో తీగలు మిద్దెలకు చేతికందేంత దగ్గరగా పోతుంటాయి. పైపు నిలబెట్టేటప్పుడు జారి ఎటు పడినా తీగకు తగలనంత దూరం ఉండాలి. దీనిలో మాత్రం బేరం లేదు, సిగ్నల్ ఎంత బాగున్నా ఆ చోటు వద్దు.

కేబుల్ ఆర్‌జీ-6, బయట వాడే నల్ల తొడుగుది తీసుకోండి. డిష్ నుంచి బాక్స్ దాకా ఒకటే ముక్క, మధ్యలో జాయింట్లు వద్దు. బొమ్మ వచ్చేదీ ఆ తీగలోనే, ఎల్ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టుల కరెంటు పోయేదీ ఆ తీగలోనే. ముందే తాడుతో దారంతా కొలిచి రెండు మీటర్లు ఎక్కువ వేసుకోండి. గవాచిలోంచి దించేద్దాం అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వద్దు, కేబుల్ పట్టుకుని వాన నీళ్లు కూడా దిగుతాయి. గోడకే బొక్క వేయించండి, లోపలి నుంచి బయటికి వాలుగా ఉండాలి. బొక్క దగ్గర కేబుల్‌ను కిందికి ఒక వంపు తిప్పితే నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. మేం అలాగే చేశాం, మగ్గం ఉన్న గది వైపు అసలు పోనేలేదు.

టీవీ దగ్గర ఎర్త్ ఉన్న సాకెట్ ఉండాలి. సెట్ టాప్ బాక్స్ మీద అందానికి గుడ్డ కప్పొద్దు, ఎండాకాలం అసలే కాలిపోతుంటుంది. ఉరుములు మొదలైతే ప్లగ్గూ కేబులూ రెండూ పీకేయండి. టీవీ కొత్తదైతే స్పెసిఫికేషన్లలో డీవీబీ-ఎస్2 ఉందేమో చూడండి, ఉంటే ఫ్రీ డిష్‌లోని ఉచిత చానెళ్లకు విడిగా బాక్స్ లేకుండానే నడిచే అవకాశం ఉంది.

చివరిగా, ఇన్‌స్టాలర్ వెళ్లేముందు మెనూలో సిగ్నల్ పేజీ తెరిపించి స్ట్రెంగ్త్, క్వాలిటీ రెండూ కనిపించేలా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఆకాశం ఎలా ఉందో కూడా రాసుకోండి. ఆరు నెలల తర్వాత బొమ్మ ఆగితే, డిష్ కదిలిందా లేక మబ్బేనా అని ఫోన్‌లోనే గొడవ పడటానికి మీ చేతిలో ఉండే సాక్ష్యం అదొక్కటే.